వద్దు అనే ఉద్యోగం

నా దగ్గర నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి ఉంది. అందులో ముప్పై ఒక్క వరుసలున్నాయి. ప్రతి వరుసా ఎవరో ఒకరు “ఇది కూడా పెడితే బాగుంటుంది కదా” అన్న మాటే. ప్రతి వరుస పక్కనా నా చేతిరాతతో “సరే” అని ఉంది. హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో గాలి నాణ్యత కొలిచే పెట్టెలు తయారుచేసే పని అది. బాధ్యత నాది. తొమ్మిది నెలల్లో ముప్పై పెట్టెలు అనుకున్నాం. రెండేళ్లకు పదకొండు తయారయ్యాయి. వాటిలో నాలుగు, వాన వెలిసి చెట్లన్నీ కడిగినట్టున్న రోజున కూడా, ఊరంతా ధూళి అని చెప్పాయి. కొంటామన్నవారు మర్యాదగా తప్పుకున్నారు.

మొదటి వరుస ఇది: “బయటికి కనిపించేలా ఒక తెర పెడదాం, జనం ఆగి చూస్తారు.” సరే అన్నాను. తెర వేడెక్కింది. పెట్టెలో వేడి పెరిగితే సెన్సర్ చెప్పే అంకె మారుతుంది కాబట్టి ఫ్యాను పెట్టాం. ఫ్యాను వచ్చాక లోపల గాలి నడిచే దారి మారింది, కరెంటు వాడకం పెరిగింది, సోలార్ పలక చాలలేదు. అంతలో “రోడ్డు మీద చప్పుడు కూడా కొలవవచ్చు కదా” అన్నారు. మైకు పెట్టాం. అది మా ఫ్యాను చప్పుడును ఎంతో శ్రద్ధగా కొలిచింది. మా దగ్గర ఎలక్ట్రానిక్స్ చూసే పెద్దాయన ఒకరోజు మూత తీసి చూసి, “అమ్మా, గాలిని కొలిచే పెట్టెలో గాలికే చోటు లేకుండా చేశాం” అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

అసలు చేయవలసిన పని వేరే ఉంది. తేమ పట్టిన ధూళికణం ఉబ్బుతుంది, కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది, చవక సెన్సర్ దాన్ని ఎక్కువ ధూళిగా లెక్కపెడుతుంది. ఈ తప్పు దిద్దాలంటే కనీసం ఒక వానాకాలమంతా మా పెట్టెను ఖరీదైన అసలు పరికరం పక్కన నిలబెట్టి, రెండు అంకెలనూ పోల్చుకుంటూ కూర్చోవాలి. ఆ వానాకాలం మేం తెరకు మూత బిగించే పనిలో ఉన్నాం.

ఈ దెబ్బ తిన్నాకే, ఇలాంటి పని బాగా చేసినవాళ్లు ఎలా చేశారో చదవడం మొదలుపెట్టాను. అలా టెంపో దగ్గర ఆగాను. అది అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి ఉపగ్రహ పరికరం. ఉత్తర అమెరికా మీది గాలిని పగలంతా గంటగంటకూ చూస్తుంది. నా పెట్టెకూ దానికీ పోలికేమిటని నవ్వేవారు నవ్వవచ్చు. కానీ పని నడిపేవాళ్లకు ఎదురయ్యే ప్రశ్న రెండు చోట్లా ఒక్కటే: అడిగినవాళ్లందరికీ సరే అంటే, ఎవరూ అడగని పనికి డబ్బూ సమయమూ ఎక్కడి నుంచి తెస్తావు?

ముందు అది ఏం చేస్తుందో చెప్పాలి. భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట నిలిచినట్టు కనిపించే కక్ష్యలో, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 91 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంటుంది. నేలకు తగిలి వెనక్కి వచ్చే సూర్యకాంతిని సన్నని చీలికలోంచి లోపలికి తీసుకుని రంగులుగా విడదీస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులు ఒక్కొక్కటి ఒక్కొక్క చోట ఆ కాంతిని తినేస్తాయి. ఎక్కడ ఎంత తరిగిందో చూసి, ఏది ఎంత ఉందో లెక్క కడతారు. లోపలి అద్దం తూర్పు నుంచి పడమరకు సుమారు 1,200 చిన్న అడుగులు వేస్తే, అట్లాంటిక్ తీరం నుంచి పసిఫిక్ తీరం దాకా, మెక్సికో నగరం నుంచి కెనడా తారుఇసుక గనుల దాకా ఒక గంటలో పూర్తవుతుంది.

గంటగంటకూ ఎందుకంటే, గాలికి దినచర్య ఉంది. ఉదయం వాహనాల రద్దీలో నైట్రోజన్ డయాక్సైడ్ పెరుగుతుంది, ఎండ ముదిరేకొద్దీ తరుగుతుంది, సాయంత్రం మళ్లీ పేరుకుంటుంది. 2004లో వెళ్లిన ఓమీ అనే ఉపగ్రహ పరికరం గానీ, 2017లో వెళ్లిన ట్రోపోమీ గానీ ఏ ఊరినైనా రోజుకు ఒక్కసారి, మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో చూస్తాయి. అవి గొప్ప పరికరాలే. కానీ మిట్టమధ్యాహ్నం అమీర్‌పేట కూడలిని ఒకసారి చూసి వెళ్లినవాడిని, పొద్దున తొమ్మిదింటికి అక్కడ ఎలా ఉంటుందని అడిగితే ఏం చెబుతాడు?

ఇక నా వాదన. టెంపో గురించి రాసేవాళ్లు అందులో ఏముందో రాస్తారు. నన్ను పట్టుకున్నది అందులో లేనిది.

2007లో అమెరికా జాతీయ పరిశోధన మండలి, రాబోయే పదేళ్లలో ఏ ఉపగ్రహాలు కావాలో ఒక పెద్ద నివేదికలో చెప్పింది. అందులో జియో-కేప్ అనే ప్రతిపాదన ఉంది. ఒకే ఉపగ్రహం మీద మూడు పనులు: గాలిలోని కాలుష్యవాయువులు చూడడం, కార్బన్ మోనాక్సైడ్ కోసం పరారుణ కాంతి చూడడం, తీరప్రాంత సముద్రపు రంగు చూడడం. కాగితం మీద ఎంత నిండుగా ఉందో! పెళ్లి విస్తరి లాంటిది. అది ఆ రూపంలో ఎన్నడూ ఎగరలేదు. 2012 నవంబరులో నాసా తన కొత్త చిన్న పథకం కింద టెంపోను ఎంచుకున్నప్పుడు, ఆ విస్తరిలోంచి ఒక్క కూరనే తీసుకుంది. పరారుణం లేదు, సముద్రం లేదు. అతినీలలోహిత కాంతి, కంటికి కనిపించే కాంతి, అంతే. ఖర్చుకు పైకప్పు 9 కోట్ల డాలర్లు. రాకెట్టూ, ఆతిథ్యమిచ్చే ఉపగ్రహంలో అమర్చే ఖర్చూ ఆ లెక్కలోకి రావు. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

స్మిత్సోనియన్ ఖగోళ పరిశోధనాలయానికి చెందిన కెల్లీ ఛాన్స్ అప్పుడు ప్రధాన శాస్త్రవేత్త. నాసాలో లాంగ్లీ కేంద్రం నిర్వహణ చూసింది. కొలరాడోలోని బౌల్డర్‌లో బాల్ ఏరోస్పేస్ సంస్థ పరికరాన్ని కట్టింది.

ఈ పథకంలో పోటీపడేవాళ్లకు ఒక నియమం ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ప్రతిపాదనలోనే రెండు గీతలు గీయాలి. పై గీత: అన్నీ అనుకున్నట్టు జరిగితే ఏం సాధిస్తాం. కింది గీత: ఇంతకంటే తగ్గితే ఈ పని చేయడమే అనవసరం. ఈ రెండు గీతల మధ్య ఉన్నదే నిర్వాహకుడి ఆస్తి. డబ్బు అయిపోతున్నప్పుడు, సమయం జారిపోతున్నప్పుడు అమ్ముకోగలిగింది అదొక్కటే. మాకు పై గీత ఉండేది, రోజూ ఇంకాస్త పైకి జరుగుతూ. కింది గీత ఎక్కడుందని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, చివరి నెలల్లో ఏ భాగాన్ని వదిలేసి ఏ భాగాన్ని బతికించుకోవాలో తేలేది. తేలక అన్నిటినీ సగం సగం బతికించుకున్నాం.

అయితే టెంపోలో కేవలం “వద్దు”లే లేవు. ఒక ఖరీదైన “సరే” ఉంది. ఓమీ సుమారు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆపేసిన చోట, టెంపో 290 నుంచి 490 దాకా ఒక పట్టీ, 540 నుంచి 740 దాకా ఇంకో పట్టీ చూస్తుంది. రెండో పట్టీ అంటే రెండో డిటెక్టరు, దాని వెంట ఇంకా ఎన్నో. ఎందుకు పెట్టుకున్నారంటే, నేలకు దగ్గరగా, మొదటి రెండు కిలోమీటర్లలో ఉన్న ఓజోన్‌ను పట్టుకోవడానికి. ఓజోన్‌లో ఎక్కువ భాగం ఎక్కడో పైన స్ట్రాటోస్ఫియర్‌లో ఉంటుంది. మన ఊపిరితిత్తులకు తగిలేది కిందిది. అతినీలలోహిత కాంతి ఒక్కదానితో అడుగు పొరను విడిగా చూడడం కష్టం, కనిపించే కాంతిని కూడా కలిపితే కొంత దారి దొరుకుతుంది. పరికరం ఉన్నదే జనం పీల్చే గాలి కోసం కాబట్టి ఆ ఖర్చు అసలు పనికే పోయింది. కార్బన్ మోనాక్సైడ్‌కు వద్దన్నవాళ్లు దీనికి సరే అనడంలో నాకు వైరుధ్యం కనిపించలేదు.

ఇంకో రకం “సరే”లు ఉన్నాయి, వాటిని ఎవరూ అడగరు. పరికరం అప్పుడప్పుడు సూర్యుణ్ణి చూసి తనను తాను సరిచూసుకోవాలి. సూర్యుణ్ణి నేరుగా చూస్తే తట్టుకోలేదు కాబట్టి కాంతిని చెదరగొట్టే పలక ఒకటి అడ్డం పెడతారు. ఏళ్ల తరబడి ఎండ తగిలి ఆ పలకే పాడవుతుంది. అందుకని రెండో పలక ఒకటి దాచి ఉంచుతారు, ఎప్పుడో ఒకసారి తీసి మొదటిది ఎంత పాడైందో చూడడానికి. కొలిచేదాన్ని కొలవడానికి ఒకటి, దాన్ని మళ్లీ కొలవడానికి ఇంకొకటి. ఏ మంత్రిగారూ, ఏ విలేకరీ రెండో పలక గురించి అడగరు. తెర గురించి అడుగుతారు. గట్టిగా అడిగేవాళ్లకు వద్దు అనకపోతే, నోరులేని రెండో పలకకు డబ్బు మిగలదు. నా వానాకాలం పోలిక పరీక్ష అలా నోరులేనిదే.

మనలో పెళ్లిభోజనం గురించి చెప్పేటప్పుడు ముప్పై రెండు రకాలు పెట్టారని చెబుతాం. అన్నం పొగలు కక్కుతూ వచ్చిందని ఎవరూ చెప్పరు. చల్లగా వస్తే మాత్రం పదేళ్లు చెబుతారు.

ఇప్పుడు టెంపోలో అన్నిటికంటే విచిత్రమైన భాగానికి వస్తాను. దానికి సొంత ఉపగ్రహం లేదు. టీవీ ప్రసారాలు, ఇంటర్నెట్ సంకేతాలు మోసే ఏదో ఒక వ్యాపార ఉపగ్రహం మీద అద్దెకు ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న ఏర్పాటు. ఆ ఉపగ్రహం ఏదో పరికరం కడుతున్నప్పుడు ఎవరికీ తెలియదు. ఇల్లు చూడకుండా బీరువా చేయించడం లాంటిది. తలుపు ఎంత వెడల్పో తెలియదు, మెట్లు తిరుగుతాయో లేదో తెలియదు. ఎంత బరువు, ఎంత కరెంటు, ఎంత వేడి, ఎంత ప్రకంపన, ఏ తీగ ఎక్కడ కలవాలి: ఇవన్నీ అమెరికాలో ఏ నిర్మాత వచ్చినా సరిపోయేలా ముందే రాసుకోవాలి, రాసుకున్నదాన్ని కదపకూడదు.

అద్దె ఇంటివాళ్ల అలవాట్లు మనకు సరిపడవు కూడా. టీవీ సంకేతం పంపే ఉపగ్రహం వెంట్రుకవాసి ఊగినా ఎవరి సీరియలూ ఆగదు. టెంపో నేల మీద చూసే ఒక్కో గడి ఉత్తర దక్షిణాలుగా సుమారు 2 కిలోమీటర్లు. 36,000 కిలోమీటర్ల దూరం నుంచి 2 కిలోమీటర్లంటే, 360 మీటర్ల దూరంలో ఉన్న రూపాయి నాణెం. ఊగుతున్న భుజం మీద కూర్చుని ఆ నాణేన్ని చూస్తూ ఉండాలి. పైగా ఉపగ్రహం తన చోటు సరిచేసుకోవడానికి వాడే ఇంధనపు ఆవిరి అద్దాల మీద పేరుకోకుండా చూసుకోవాలి. ఇవన్నీ “తర్వాత చూద్దాం” అనగలిగే విషయాలు కావు, అయినా తర్వాతే తెలిసేవి.

బట్టలుతికే యంత్రమంత ఆ పరికరం 2018లో తయారైంది. ఇల్లు దొరకలేదు. సామాను సర్దుకుని గుమ్మంలో కూర్చున్న చుట్టంలా భద్రపరిచి ఉంచారు. 2019 జూలైలో అమెరికా వైమానిక దళం ఒప్పందం ద్వారా ఉపగ్రహాలు కట్టే మ్యాక్సార్ సంస్థతో ఏర్పాటు కుదిరింది. 2020లో ఆ ఇల్లు ఇంటెల్‌శాట్ 40ఈ అనే సమాచార ఉపగ్రహమని తేలింది. 2023 ఏప్రిల్ 7న ఫాల్కన్ 9 రాకెట్టు మీద వెళ్లింది. ఆగస్టు 2న మొదటి కొలతలు వచ్చాయి: లాస్ ఏంజలెస్, టెక్సాస్, వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ దాకా రహదారి వెంట నైట్రోజన్ డయాక్సైడ్ రోజంతా ఎలా పెరిగి తరిగిందో ఎర్రటి మరకల్లో కనిపించింది.

అదే బౌల్డర్‌లో, అదే బాల్ సంస్థతో కలిసి, కొరియా వాళ్లు జెమ్స్ అనే పరికరం చేయించుకున్నారు. టెంపోకు తోబుట్టువు అనుకోండి. కొరియా దాన్ని అద్దె ఇంటికి పంపలేదు. సముద్రాన్ని చూసే ఇంకో పరికరంతో కలిపి తన సొంత ఉపగ్రహం మీద పెట్టింది. అది 2020 ఫిబ్రవరిలోనే వెళ్లిపోయింది, టెంపో కంటే మూడేళ్లు ముందు. గాలినీ సముద్రాన్నీ కలిపే ఎగరేసింది కూడా, అంటే నా “వద్దు” సిద్ధాంతానికి అదొక చెంపపెట్టే. యూరప్ వాళ్ల ఇలాంటి పరికరం సెంటినెల్-4 మాత్రం 2025 జూలైలో గానీ వెళ్లలేదు.

నేను ఈ చెంపపెట్టును చాలా రోజులు ఆలోచించాను. అద్దె పద్ధతి చవక అనే మాటలో ఒక దాపరికం ఉంది. పరికరం తయారై కూర్చున్న ఏళ్లలో ఖండమంతటి మీదా గంటగంట కొలతలు లేవు. ఆ గంటలు మళ్లీ రావు. నా అభిప్రాయంలో తప్పు అద్దెకు ఉండడంలో లేదు. పైకప్పు వాక్యం గుర్తుందా? 9 కోట్ల డాలర్ల గీత లోపల ఉన్నదానికి ఒక యజమాని ఉన్నాడు, ఆ యజమాని పిసినారితనంతో, మొండితనంతో దాన్ని సకాలానికి దగ్గరగా తెచ్చి పెట్టాడు. గీత అవతల ఉన్న ఇంటికి అంత గట్టిగా పట్టుకుని కూర్చున్న యజమాని నాకు కనిపించలేదు. వద్దు అనే అధికారం ఎంత దూరం ఉందో, క్రమశిక్షణ అంత దూరమే నడిచింది. కొరియాలో పరికరమూ ఇల్లూ ఒకే ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. రెండు పరికరాలున్నా ఇబ్బంది పడకపోవడానికి ఇదే కారణమని నేననుకుంటాను. అంకెల సంగతి కంటే హద్దుల సంగతి ముఖ్యం.

జియోకార్బ్ అనే ఇంకో నాసా పరికరం కథ ఇంకా చేదు. 2016లో ఎంపికైంది, కార్బన్ డయాక్సైడ్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ చూడడానికి. అదీ మొదట వ్యాపార ఉపగ్రహం మీద అద్దెకే. మొదటి అంచనా 17 కోట్ల డాలర్ల పైచిలుకు. 2022 నవంబరులో నాసా దాన్ని రద్దు చేసేనాటికి అంచనా 60 కోట్లు దాటింది. సాంకేతిక చిక్కులు, ఖర్చు, ఆ సమాచారం ఇతర మార్గాల్లో దొరకడం అని కారణాలు చెప్పారు. జియో-కేప్ విస్తరిలో మూడు కూరలు అన్నాను కదా. ఒకటి టెంపోగా వెళ్లింది. సముద్రపు కూర గ్లిమర్ పేరుతో 2019లో ఎంపికైంది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం జియోకార్బ్‌తో పాటు నేలపాలైంది. వద్దు అన్నప్పుడు పోయేది కాగితం మీది వరుస కాదు, నిజంగా ఒకరికి కావలసిన కొలత. టెంపో రాత్రిపూట ఈ వాయువులను కొలవజాలదు. హవాయి దాని చట్రంలోనే లేదు. అక్కడ ఉండేవాళ్లకు నా వ్యాసం అంత ముచ్చటగా అనిపించకపోవచ్చు.

మన సంగతి చెప్పాలి. జెమ్స్ చూసే హద్దు పడమర వైపు 75 డిగ్రీల తూర్పు రేఖాంశం. హైదరాబాదు 78న్నర దగ్గర, విజయవాడ 80 దాటి, విశాఖపట్నం 83 దాటి ఉన్నాయి కాబట్టి మన మూడు నగరాలూ లోపలే. ముంబయి బయటే. కానీ కొరియా కన్ను 128 డిగ్రీల తూర్పున ఉంది, మనల్ని ఓరకంట చూస్తుంది. గడులు సాగిపోతాయి, మేఘాలు ఎక్కువ అడ్డం వస్తాయి. మన నడినెత్తిన కూర్చుని పాతబస్తీ పొద్దునెలా ఉంది, పటాన్‌చెరు సాయంత్రమెలా ఉంది అని గంటగంటకూ వాయువులను చూసే మన సొంత పరికరం లేదు.

అద్దె పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థ పరికరాలు జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 అనే సమాచార ఉపగ్రహాల మీదే ఉన్నాయి. అవి సంకేతం అందుకుని తిరిగి పంపేవి, రూపాయి నాణేన్ని గురిచూడవలసిన పని వాటికి లేదు. అయినా ఇంటివాళ్లకూ అద్దెవాళ్లకూ మధ్య కాగితాలు ఎలా రాసుకోవాలో తెలిసినవాళ్లు మన దగ్గర ఉన్నారు. పైగా మన దేశంలో పరికరమూ, ఉపగ్రహమూ, రాకెట్టూ ఒకే గొడుగు కింద ఉండగలవు. టెంపోకు దొరకని వీలు అది. అందుకే నా భయం వేరే చోట ఉంది. ఇలాంటి పరికరం అనగానే వ్యవసాయం వాళ్లు పంట వ్యర్థాల మంటలు చూడమంటారు, వాతావరణం వాళ్లు మేఘాలు చూడమంటారు, ఇంకెవరో తీరం చూడమంటారు. ఎవరి కోరికా అన్యాయం కాదు. నా ముప్పై ఒక్క వరుసల్లో కూడా అన్యాయమైన కోరిక ఒక్కటీ లేదు.

పోయిన ఏడాది ఒక చిన్న ఊరి పాఠశాలల కోసం పన్నెండు పెట్టెలు చేసిపెట్టమని అడిగారు. ఈసారి పని మొదలుపెట్టకముందే కొత్త నోటుపుస్తకం మొదటి పేజీలో కింది గీత రాశాను: సన్నని ధూళి ఒక్కటే, గంటకు ఒక అంకె, ఒక వానాకాలమంతా అసలు పరికరం పక్కన నిలిచి గెలవాలి. ఇది కాకపోతే డబ్బు వెనక్కి. ఆ కాగితం వాళ్లకు పంపిన సాయంత్రమే ఫోను వచ్చింది.

“అంతా బాగుందండీ. పిల్లలు చూసేలా బయట ఒక తెర ఉంటుంది కదా?”

“ఉండదండీ.”

కాసేపు చప్పుడు లేదు.

“పోనీ, చిన్నది?”